ఊయల పాటలో నాలుగో చరణం

పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది.

పొద్దున పంపింది మేమే. బాదం కజ్జికాయలు గోపురంలా పేర్చి, నారింజపూల నీళ్ళు చిలకరించి, మా అమ్మ తన చేత్తో పట్టుగుడ్డ కప్పి మరీ పంపిన పళ్ళెం. మా ఫెజ్ ఊళ్ళో ఎంత లేనివాళ్ళయినా పొరుగింటి గిన్నెని వట్టిగా తిప్పి పంపరు. ఇంట్లో ఏమీ లేకపోతే పుదీనా రెమ్మ వేస్తారు. అలాంటిది మాకు కాబోయే వియ్యాలవారు, ఊళ్ళో చక్కెర వ్యాపారమంతా చేతిలో ఉన్నవాళ్ళు, ఒక్క చక్కెర పలుకు కూడా వెయ్యలేదు.

"గుడ్డ మాత్రం మడత పెట్టి పంపారు," అంది వంటమనిషి యాకూత్, పళ్ళెం కింద పెడుతూ.

"నోర్ముయ్యి," అంది అమ్మ. "వాళ్ళేమన్నారో చెప్పు."

"ముయ్యమంటారా, చెప్పమంటారా, పెద్దమ్మగారూ?"

"చెప్పి చావు!"

"పెళ్ళికొడుకు తల్లి, ఆ లల్లా హనియాగారు నాకు కనబళ్ళేదండీ. వాళ్ళ వంటామె నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది. 'మీ బతూల్ మనసు సముద్రం అవతల ఉందటగా, ఇక్కడ మీ కజ్జికాయలు మాకెందుకు?' అంది. సాయంత్రం ప్రార్థన కాగానే ఆవిడే వస్తుందట. ఏదో ఒకటి తేల్చుకునే వెళ్తుందట."

పైన మేడగదిలో తలుపు దభాలున మూసుకుంది. అంటే బతూల్ విన్నదన్నమాట. ఈ ఇంట్లో గుసగుసలు కూడా మెట్లెక్కి వెళ్తాయి.

అమ్మ గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. నా వంక తిరక్కుండానే, "జుహూర్, ఆ ముగ్గురు వెధవల్నీ పట్టుకురావే," అంది.

నాకు లేవాలనిపించలేదు. భర్త పోయి పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఈ ఇంట్లో రెండే పనులు. అమ్మ అరుపులు వదిన దగ్గరికి మోయడం, వదిన మౌనం అమ్మ దగ్గరికి మోయడం. రెండూ బరువే. అయినా లేచాను. నేను లేవకపోతే ఇంకెవరు లేస్తారు?

వదిన కెంజా పెరటి వరండాలో రాగి బానల దగ్గర కూర్చుని ఉంది. ఈ రుతువులో ఇల్లిల్లూ నారింజపూలు కాచి అత్తరునీళ్ళు దింపుతుంది. మంట పెద్దదైతే నీళ్ళు మాడు వాసన వేస్తాయి, చిన్నదైతే దిగవు. ఆవిడ పొద్దుణ్ణుంచీ ఆ మంట వైపే చూస్తోంది. పళ్ళెం సంగతి చెప్పాను. "ఊఁ," అంది. అంతే.

"ఊఁ ఏమిటి వదినా? పెళ్ళి ఆగేలా ఉంది. నీ కూతురు పైన తలుపేసుకుని ఏడుస్తోంది."

"విన్నాను జుహూర్. ఒక కట్టె తీసెయ్యి, మంట ఎక్కువైంది."

కట్టె తీశాను. ఇంకేం చెయ్యను?

*

వదిన మిగతా పిల్లలు ముగ్గురూ మా అమ్మ ముందు వరసగా నిలబడ్డారు. పన్నెండేళ్ళ రుఖయ్య, దాని తమ్ముడు మెక్కీ, అందరికంటే చిన్నది నెఫీసా. తండ్రి పేరు చెబితే ఊళ్ళో సగం బట్టల దుకాణాలు లేచి నిలబడతాయి. వీళ్ళకి మాత్రం దుకాణం అక్కర్లేదు, బొమ్మలక్కర్లేదు. తెల్లారి లేస్తే పాటలు కట్టుకోవడమే. ఒకరు ఒక చరణం, ఇంకొకరు ఇంకో చరణం. మాటకి మాట తగిలించుకుంటూ, మెట్ల మీద దెబ్బలాడుకుంటూ.

"శుక్రవారం తోటలో మీ అక్క ఊయల మీద పాడిన పాట ఎవరు కట్టారు?" అంది అమ్మ.

"నేను," అంది రుఖయ్య.

"అబద్ధం! రెండో చరణం నాది!" అన్నాడు మెక్కీ.

"తలుపు గడియ నాది," అంది నెఫీసా. "అది నేను చెప్పా. వీళ్ళు నవ్వారు. తర్వాత పెట్టుకున్నారు."

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు తప్పుని కూడా పంచుకోవడానికి పోటీ పడుతున్నారు. మరోరోజైతే నవ్వొచ్చేది.

"ఏదీ, మళ్ళీ చెప్పండి," అన్నాను నేను. పక్క తోటలో గోడ అవతల నుంచి విన్నవాళ్ళకి అది ఎలా వినబడి ఉంటుందో తెలుసుకోవాలనిపించింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని అందుకున్నారు.

కడలి దాటి పోయినవాడా, వానల ఊళ్ళో నిలిచినవాడా,
చెయ్యి నీది తగలక ఇక్కడ చక్కెర చేదై పోయింది,
తలుపు గడియ వెయ్యలేదు, తోట వాకిట నిలిచే ఉన్నా,
గులాబి రేకులు రాలకముందే గుమ్మం తొక్కగ రావేమి?

వాళ్ళ నాన్న గురించి. అంత చిన్న సంగతి. మా అన్నయ్య హాజ్ మెహదీ మాంచెస్టర్ వెళ్ళి ఇది నాలుగో వసంతం. ఇంట్లో ఉన్నప్పుడు టీలో చక్కెర ఆయనే వేసేవాడు, ఇంకెవరి చెయ్యీ పడనిచ్చేవాడు కాదు. ఆ సంగతి మాకు తెలుసు. గోడ అవతలి వాళ్ళకేం తెలుసు?

ఊయల పాట అంటేనే వలపు పాట. ఎవరు కట్టారని ఏ ఆడదీ అడగదు, ఎవరి కోసమని మాత్రం ప్రతి ఆడదీ అడుగుతుంది. పెళ్ళి కుదిరిన పిల్ల, పద్దెనిమిదేళ్ళది, ఊయల ఎక్కి ఈ పాట గొంతెత్తి పాడింది. చెల్లెళ్ళూ తమ్ముడూ బతిమాలితే కాదనలేక పాడింది. పక్క తోటలో సరిగ్గా లల్లా హనియా ఆడబిడ్డలు పలహారాలు తింటున్నారు. వాళ్ళకి వెంటనే గుర్తొచ్చింది, అన్నయ్యతో పాటు మా దుకాణం గుమాస్తా కుర్రాడు అల్లాల్ కూడా ఆ వానల ఊరికే వెళ్ళాడని. చిన్నప్పుడు మా ముంగిట్లోనే ఆడుకున్నాడు వాడు. ఇంకేముంది, కథ అల్లేసుకున్నారు.

"నాన్న కోసం కట్టామని లల్లా హనియాగారికి చెప్పేస్తే సరిపోతుందిగా నాయనమ్మా," అన్నాడు మెక్కీ.

"ఎవరు నమ్ముతార్రా? నాన్న కోసం ఊయల పాట కట్టిన పిల్లల్ని ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా?"

"చూడకపోతే ఇప్పుడు చూస్తారు," అంది రుఖయ్య.

"పళ్ళు రాలగొడతాను! మీ నాన్న పెళ్ళికి వస్తున్నాడని, ఓడ కూడా ఎక్కేశాడని ఊరంతా చెప్పుకున్నాం. ఓడ ఎక్కినవాణ్ణి రావేమి రావేమి అని ఎవరైనా ఏడుస్తారా? ఆవిడ వచ్చినప్పుడు ముగ్గురిలో ఎవరైనా నాన్న పేరెత్తారో, చూసుకోండి. ఆ పాట వీధిలో ఎవరో పాడుతుంటే విన్నామని చెప్పండి."

రుఖయ్య మొహం ఎర్రబడింది. "వీధిలోనా? అది మా పాట నాయనమ్మా. మేం కట్టాం."

"మీ అక్క కాపురం పెద్దదా, మీ పాట పెద్దదా?"

రుఖయ్య మిగతా ఇద్దర్నీ చెయ్యి పట్టి లాక్కుపోయింది.

పిల్లలు వెళ్ళాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "ఓడ సంగతి అడిగితే ఏం చెప్పనే?"

"ఏముంది, ఇంకో అబద్ధం చెబుదువుగాని. అలవాటేగా."

"నా కోసమా చెబుతున్నాను? ఆ కెంజా కోసం కాదూ? వాడక్కడ ఇంకో దాన్ని చేసుకుని, ఇల్లు కూడా కొనుక్కుని, ఇక రానని తేల్చేశాడని తెలిస్తే అది బతుకుతుందా?"

ఈ సంగతి ఇంట్లో మా ఇద్దరికే తెలుసు. పోయిన పండక్కి మాంచెస్టర్ నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకు చెప్పాడు, తలొంచుకుని, చెప్పులు తొడుక్కుంటూ. అప్పట్నుంచీ అమ్మ ఆ మాటని కడుపులో పెట్టుకుని మోస్తోంది. అరవడం కూడా అప్పట్నుంచే ఎక్కువైంది. నాకు అమ్మ మీద కోపం రావాలి, రాదు. అలిసిపోయిన మనిషి మీద అలిసిపోయిన మనిషికి కోపం ఎక్కడ్నుంచి వస్తుంది?

*

లల్లా హనియా వచ్చింది. లోపలికొచ్చి మెత్త మీద కూర్చుంది కానీ ఒంటి మీది తెల్ల దుప్పటి తియ్యలేదు. వీధిలో కప్పుకునే హాయిక్ అది. అది కప్పుకునే కూర్చున్న మనిషి భోజనానికి ఉండే మనిషి కాదు.

"హాయిక్ తీసి హాయిగా కూర్చోండి వదినగారూ," అంది అమ్మ.

"ఎంతసేపు లెండి. మాట ఒకటే."

టీ వచ్చింది. ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు. ఖాళీ పళ్ళెం ఇద్దరి మధ్యా కింద అలాగే ఉంది. దాన్ని తియ్యమని అమ్మ చెప్పలేదు, యాకూత్ తియ్యలేదు. కావాలనే అనుకుంటాను.

"మా ద్రీస్ మంచివాడు," అంది లల్లా హనియా. "తల్లిని కాబట్టి అంటున్నాననుకోకండి. మీ పిల్లని వాడు చూడలేదు, నేను చూశాను. నాకు నచ్చింది. అందుకే ఇంత దూరం నేనే వచ్చాను. మనుషుల్ని పంపి మాట విరుచుకోవడం నాకు చేతకాదు."

"విరుచుకోవడం ఏమిటండీ! పసిపిల్లల పాట..."

"పసిపిల్లలు కట్టే పాటా అది? నేనూ ఈ ఊళ్ళోనే పుట్టానమ్మా. ఊయల నేనూ ఎక్కాను. తలుపు గడియ వెయ్యలేదంటే అర్థం నాకు తెలీదా?"

మెట్ల మీద నుంచి చిన్నగా ఒక గొంతు. "గడియ నాది."

రుఖయ్య దాని నోరు మూసింది. కానీ అప్పటికే లల్లా హనియా తలెత్తి చూసింది. "ఇటు రండమ్మా," అంది.

ముగ్గురూ వచ్చారు. ఆవిడ రుఖయ్య గడ్డం పట్టుకుని అడిగింది, చాలా మెత్తగానే అడిగింది. "చూడు తల్లీ. ఆ పాట ఎవరి కోసం?"

రుఖయ్య నాయనమ్మ వైపు చూసింది. మేడగది వైపు చూసింది. పైన తలుపు కొంచెం తెరుచుకుని ఉంది, ఆ సందులో బతూల్ చెదిరిన జుట్టు కనిపిస్తోంది. నిజం చెబితే నాయనమ్మ పరువు పోతుంది. చెప్పకపోతే అక్క పరువు. పన్నెండేళ్ళ దాని నెత్తిన ఎంత బరువు పెట్టాం మేమంతా కలిసి!

"వీధిలో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. అబద్ధం దాని నోటికి రాలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"చెప్పలేదు చూశారా," అంది లల్లా హనియా నిట్టూరుస్తూ. సంతోషంగా అనలేదు. లేవబోయింది.

"నా పాట అది."

వెనక్కి తిరిగాను. పెరటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. చేతులకి మసి. కొంగున నారింజపూల రేకులు అంటుకుని ఉన్నాయి.

"కెంజా, నువ్వు లోపలికెళ్ళు," అంది అమ్మ.

"వెళ్తానత్తయ్యా. ఈ ఒక్కటీ చెప్పి వెళ్తాను." వచ్చి లల్లా హనియా ఎదురుగా కూర్చుంది. "నేను కట్టుకున్న పాట వదినగారూ. మొగుడు దూరాన ఉన్న ఆడదాన్ని, నేను కాక ఇంకెవరు కట్టుకుంటారు? వంటింట్లో పాడుకుంటుంటే పిల్ల విని నేర్చుకుంది. అది పెళ్ళికూతురు కదా, ఏ పాట దొరికితే ఆ పాట పాడుకుంటుంది. దాని మీద నింద వెయ్యకండి."

"మీరు కట్టారా?" అంది లల్లా హనియా. నమ్మలేదు. "అయితే చెప్పండి, వింటాను."

వదిన గొంతెత్తలేదు. మామూలుగా మాట్లాడుతున్నట్టే పాడింది. కడలి దాటి పోయినవాడా అంది. చక్కెర చేదై పోయింది అంది. తలుపు గడియ దగ్గర నెఫీసా పెదవులు కూడా కదిలాయి. నాలుగో చరణానికి వచ్చేసరికి వదిన గులాబి రేకులు వదిలేసింది.

అక్కడి ఇంట దీపం పెట్టి, ఇక్కడి చీకటి నాకిచ్చావా?

నా చేతిలో టీ కెటిల్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. వదినకి తెలుసు. మేం ఇన్నాళ్ళూ ఆవిడకి తెలియకూడదని ప్రాణాలు పెట్టి దాచిన మాట ఆవిడ నోట్లోంచే, అదీ పరాయి మనిషి ముందు, అంత నిదానంగా వచ్చింది.

లేవబోయిన లల్లా హనియా మళ్ళీ మెత్త మీద కూర్చుంది.

"అయితే హాజ్‌గారు ఓడ ఎక్కలేదు," అంది.

"లేదు."

"పెళ్ళికి రారు."

"రారు. ఉన్నమాట చెప్పాను. ఇక మీ ఇష్టం. నా పిల్ల మనసులో ఎవరూ లేరు వదినగారూ, నా మొగుడి మనసులోనే ఉన్నారు."

అప్పుడు ఆవిడ హాయిక్ అంచు పట్టుకుని భుజాల మీంచి తీసేసి పక్కన పెట్టింది.

"మా ఆయన కైరోలో ఏడేళ్ళు ఉన్నాడు," అంది. "వస్తాడు వస్తాడు అని మా అత్తగారూ అందరికీ చెప్పేది. వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఆ రెండోది ఇప్పుడు నా పక్క గదిలోనే పడుకుంటుంది. ఆవిడ దగ్గు కూడా నాకు వినబడుతుంది. నాకు పాట కట్టడం రాలేదమ్మా, లేకపోతే నేనూ పాడుకునేదాన్ని."

టీ గ్లాసు అందుకుని తాగింది. అప్పటికి చల్లారిపోయి ఉంటుంది. పక్కనున్న చక్కెర గడ్డ మీంచి చిన్న సుత్తితో ఒక పెద్ద ముక్క కొట్టి, మా ఖాళీ పళ్ళెంలో పెట్టింది. మా ఇంటి చక్కెరే. అయినా పెట్టింది ఆవిడ చెయ్యి.

మేడ మీద బతూల్ బావురుమంది. ఈసారి ఏడుపు వేరు.

*

ఆవిడని గుమ్మం దాకా సాగనంపి వచ్చేసరికి అమ్మ అలాగే కూర్చుని ఉంది. ఒక్క పూటలో పదేళ్ళు మీద పడ్డట్టుంది.

"ఎవరు చెప్పారే నీకు?" అంది వదినతో. "ఈ జుహూరా?"

"నేనెందుకు చెబుతానమ్మా!" అన్నాను. నాకు నిజంగానే ఒళ్ళు మండింది.

"ఎవరూ చెప్పలేదత్తయ్యా," అంది వదిన. "పోయినేడాది ఆయన పంపిన మూటలో గుడ్డతో పాటు దానికి నప్పే దారం కూడా ఉంది. గుండీలు కూడా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు కాపురం చేశాను, బట్టల బేళ్ళు అమ్మే మనిషే గానీ దారం సంగతి ఆయనకేం తెలుసు? మగవాడు గుడ్డ పంపుతాడు. దారం పంపాలని తోచేది ఆడదానికే."

ఆ గుడ్డ నాకు గుర్తుంది. నీలం రంగుది. అందరం మెచ్చుకున్నాం. ఆవిడ దాన్ని ఇప్పటిదాకా కుట్టించుకోలేదెందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

"తెలిసి కూడా నోరెత్తలేదా ఇన్నాళ్ళూ?"

"మీరు అంత కష్టపడి దాస్తున్నారు కదా అత్తయ్యా. మీ ముసలి ప్రాణాన్ని ఎందుకు కష్టపెట్టడం అనుకున్నా."

అమ్మ కొంగు మొహానికి కప్పుకుంది. మా అమ్మ ఏడవడం నేను మా నాన్న పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడు.

రుఖయ్య వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది.

"నాలుగో చరణం నాది. నువ్వెందుకు తీసేశావు?"

"తీసేయలేదు తల్లీ. నీది నీకే ఉంది."

"గులాబి రేకులు అని నేను కట్టాను. రాలకముందే రమ్మన్నాను. నువ్వు దీపం అన్నావు. దీపం ఏమిటమ్మా? అక్కడి ఇల్లేమిటి?"

వదిన దాన్ని దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల వెనక్కి జరిగింది. అంత పాట కట్టిన దానికి అర్థం తెలియకుండా ఉంటుందా? తెలిసింది. తెలిసినందుకే అడుగుతోంది, కాదని చెప్పమని. వదిన కాదని చెప్పలేదు.

"నాన్న రాడా?"

"నీ చరణం బాగుంది రుఖయ్యా," అంది వదిన. "నాదానికంటే నీదే బాగుంది. కానీ నాది నిజం."

పిల్ల పోయి పళ్ళెం పక్కన, ఆ చక్కెర ముక్క వైపు చూస్తూ కూర్చుంది. మెక్కీ వచ్చి దాని పక్కనే చతికిలబడ్డాడు.

"చిన్నది ఏదీ?" అన్నాను నేను. ముగ్గురిలో ఒకరు తక్కువైతే ఈ ఇంట్లో భయపడాలి.

డాబా మీద నుంచి పాట వినిపించింది. సాయంత్రం ఆ వేళకి ఫెజ్ డాబాలన్నీ ఆడవాళ్ళవే. బట్టలు తీసుకునేవాళ్ళు, పిల్లలకి తల దువ్వేవాళ్ళు, గోడ మీంచి గోడ మీదకి వంగి మాట్లాడుకునేవాళ్ళు. నెఫీసా నోట్లో నువ్వుగింజ నానదు. కొత్త పాట దొరికింది దానికి. గొంతు చించుకుని పాడుతోంది, మూడు చరణాలు తమవి, నాలుగోది వాళ్ళమ్మది.

"దాన్ని కిందికి లాక్కురావే జుహూర్! ఊరంతా తెలిసిపోతుంది!" అంది అమ్మ కొంగు తీసేసి.

నేను మెట్టు మీద కాలు పెట్టాను. అంతలో పక్క డాబా మీద ఎవరో ఆ చరణం అందుకున్నారు. అక్కడి ఇంట దీపం పెట్టి... ఆ గొంతు ఎవరిదో పోల్చుకున్నాను. వాళ్ళాయన కూడా సముద్రం అవతలే, జెనోవాలో ఉంటాడు. ఆ పక్క డాబా మీంచి ఇంకో గొంతు కలిసింది.

"ఉండనీ జుహూర్," అంది వదిన. మళ్ళీ బానల దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఒక కట్టె మంటలోకి తోసింది. "డాబాల మీద పాడింది తెల్లారేసరికి కంచరగాడిదలు తోలేవాళ్ళ నోట్లో ఉంటుంది. వాళ్ళు టాంజీర్ రేవు దాకా పోతారు. అక్కణ్ణుంచి ఓడలు ఎక్కడికి పోతాయో తెలుసుగా?"

నేను మెట్టు మీదే నిలబడిపోయాను.

"పాడనీ," అంది. "వినవలసిన మనిషి దాకా వెళ్ళనీ."